బియ్యం డబ్బాలో ఇంటి కాగితాలు

మీ ఇంటి కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయో మీకు తెలుసా? 'బీరువాలో ఎక్కడో ఉంటాయి లెండి, మా వారికి తెలుసు' అంటారా? అయితే ఇది మీకోసమే. పొయ్యి మీద పప్పు పడేసి, కుక్కరు మూడు కూతలు కూసేలోగా నాలుగు పేజీలు తిప్పుదామని కూర్చుని ఉంటారు. కాస్త మంట తగ్గించి రండి, చెబుతాను.

నేను వకీలుని. సినిమాల్లోలా నల్లకోటు ఎగరేస్తూ 'యువరానర్' అని అరిచే రకం మాత్రం కాదు. ముప్ఫై ఏళ్లు దాటిన నా ప్రాక్టీసులో అలా గొంతెత్తిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా పని కాగితాలు చదవడం. ఇల్లు కొనుక్కోవడానికో, ఉన్న జాగాలో రెండు గదులు వేసుకోవడానికో అప్పు అడిగినవాళ్ల దస్తావేజుల్ని అప్పిచ్చే సంస్థ నా దగ్గరికి పంపుతుంది. ఆ స్థలం నిజంగా అమ్మినవాడిదేనా, వాడికి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో ఎవరైనా తాకట్టు పెట్టారా, అక్కచెల్లెళ్ల వాటా ఎగ్గొట్టారా... ఇవన్నీ చూసి 'ఇవ్వొచ్చు' అనో 'ఇవ్వకూడదు' అనో రాసివ్వాలి. దాన్ని లీగల్ ఒపీనియన్ అంటారు. రోజుల్లో ఫైలుకి రెండువందలు ఇచ్చేవారు. బియ్యంలో రాళ్లు ఏరడం వచ్చిన ఆడదానికి ఈ పని కొత్తేమీ కాదని మా అత్తగారు నవ్వేవారు!

నా పుట్టిల్లు తెనాలి దగ్గర. గుంటూరులో బి.ఎల్. చదివాను. మా వారికి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉద్యోగం. అక్కడ ఇంటద్దెలు, నక్కవాగు వైపు నుంచి వచ్చే ఆ రసాయనాల వాసన తట్టుకోలేక 1995లో సుల్తాన్‌పూర్‌లో నూటయాభై గజాలు కొనుక్కుని వచ్చేశాం. ఇప్పుడంటే ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోటు, 2017లో మొదలైన మెడికల్ డివైజెస్ పార్కు, తెల్లారకుండానే కంపెనీ బస్సుల హారన్లు... అప్పుడు మాత్రం జొన్నచేలు, బండరాళ్లు, సాయంత్రమైతే గొర్రెలు. ఇక్కడికొచ్చాకే నాకు రెండో చదువు మొదలైందనుకోండి. మా వైపు అడంగల్ అనేదాన్ని ఇక్కడ పహాణీ అంటారు. కోర్టుకి సంగారెడ్డి వెళ్లాలి. పాత కాగితాల్లో ఉర్దూ మాటలు! 'గైరాన్' అంటే పశువులు మేసే సర్కారు భూమి అని ఒక ముసలి గుమాస్తా చెప్పేదాకా నాకు తెలీదంటే నమ్మండి.

ఆ మాట నాకు ఎందుకింత గుర్తుండిపోయిందో చెప్పాలి.

1998లో ఒక ఫైలు వచ్చింది. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. అరవై గజాల జాగా. దాన్లో రెండు గదులు వేసుకోవడానికి నలభై వేలు అప్పు కావాలి. జీతం చీటీ సరిగా లేకపోయినా సంస్థ కుర్రాడు ఓపిగ్గా లెక్క కట్టాడు. క్యాంటీన్ జీతమెంత, పొద్దున్నే గేటు బయట అమ్మే ఇడ్లీలు ఎన్ని ప్లేట్లు, అద్దెకెంత పోతుంది, బియ్యానికెంత అని. కట్టగలదనే తేలింది. (నిజానికి ఇడ్లీలమ్మే ఆడవాళ్ల లెక్క ఆఫీసరు లెక్క కన్నా గట్టిదని తరవాత్తరవాత నాకు తెలిసింది.) ఇక మిగిలింది కాగితం.

ఆ కాగితం చూస్తే... పదిరూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న అమ్మకం. రిజిస్ట్రేషన్ లేదు. సర్వే నంబరు పట్టుకుని పహాణీ తీయిస్తే అందులో 'గైరాన్'. అంటే సర్కారు భూమిని ఎవడో ముక్కలు చేసి అమ్మేశాడు. అలాంటి జాగాని తాకట్టు పెట్టుకుని ఏ సంస్థా అప్పివ్వదు. నేను రెండు వాక్యాలు రాశాను. 'అమ్మినవాడికి హక్కు లేదు. అప్పు ఇవ్వదగదు.' సంతకం పెట్టి పంపేశాను. తప్పు రాశానా? ఇప్పుడు నా ముందు పెట్టినా అదే రాస్తాను. ఆ రెండువందలతో ఆ నెల మా పాపకి స్కూలు బూట్లు కొన్నట్టు కూడా గుర్తు.

ఏడాది తిరిగాక సంగారెడ్డి కోర్టు వరండాలో ఒకావిడ నన్ను ఆపింది.

"వకీలమ్మా, ఇది నీ సంతకమేనా?"

ఆ సంస్థలో ఎవరిని బతిమాలిందో, నా ఒపీనియన్ నకలు సంపాదించింది. ఇంగ్లీషులో ఉంది. ఆమెకి తెలుగే కూడబలుక్కుని చదవాలి. ఆ రోజు ఆమె కోర్టుకి వచ్చింది ప్రామిసరీ నోటు కేసులో ముద్దాయిగా. 'నీకు అప్పు రాదు పో' అన్నారుట తప్ప ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు. తన జీతం తక్కువ గనక ఇవ్వలేదనుకుంది. పంతం పట్టి ఐదు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చి గోడలు లేపింది.

ఐదు రూపాయల వడ్డీ అంటే మీకు తెలియంది కాదు. నూటికి నెలకి ఐదు, ఏడాదికి అరవై! నలభై వేలకి నెలనెలా రెండువేలు వడ్డీకే సరి, అసలు అసలులాగే ఉంటుంది. అదే ఆ రోజుల్లో నూటికి పదిహేను వడ్డీతో పదిహేనేళ్ల గృహరుణం వచ్చి ఉంటే నెలకి ఐదువందల అరవై దాకా కడితే వడ్డీ, అసలు రెండూ తీరిపోయేవి. మెడలో పుస్తెలతాడు, చెవుల దుద్దులు, అన్నీ పోయాక ఇక కట్టలేక ఆపేసింది.

"ఈ జాగ సర్కారుదని నీకు ఎరికేనా?" అంది.

"తెలుసమ్మా. అందుకే కదా అలా రాసింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

నేనేం చెప్పను? 'నా రిపోర్టు సంస్థకి రాస్తాను, నీకు కాదు' అన్నది చట్టం ప్రకారం సరైన జవాబే. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె కళ్లలోకి చూశాక బయటికి రాలేదు. "ఒక్క మాట, గిది సర్కారు భూమి బిడ్డా అని ఒక్క మాట చెప్పుంటే నేను గోడలు లేపుదునా? నాకు పైసలియ్యకుంటే పాయె, మాటన్న ఇయ్యొద్దా?"

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా వారు 'నీ తప్పేముంది' అన్నారు. అదే కదా బాధ, నా తప్పు ఏమీ లేకుండానే ఆవిడ బంగారం పోయింది!

ఆమె కేసు నేను తీసుకున్నాను, ఫీజు లేకుండా. లోక్ అదాలత్‌కి పంపించి, వడ్డీ చాలా వరకు తగ్గించి, అసలుని చిన్న చిన్న వాయిదాల్లో కట్టేట్టు రాజీ చేయించాను. అక్కడ కుదిరిన రాజీ మీద మళ్లీ అప్పీలంటూ ఉండదు గనక ఆ గొడవ అంతటితో తెగింది. పోయిన బంగారం మాత్రం రాలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. 'ఇవ్వకూడదు' అని రాసిన ప్రతి ఫైలుకీ ఒక కాగితం తెలుగులో రాసి, ఆ అప్పు అడిగినవాళ్లకి ఇవ్వమనేదాన్ని. ఎందుకు కాదన్నాను, ఏం తెస్తే అవునంటాను, ఏం చేసినా అవునననా... ఆ మూడు సంగతులే. ఒక సంస్థవాళ్లకి ఇది నచ్చలేదు. 'మీ రిపోర్టు మా సొత్తండీ, పార్టీకి మీరెలా చెబుతారు' అన్నారు. రెండేళ్లపాటు వాళ్ల ఫైళ్లు రాలేదు. ఇంట్లో సరుకుల చీటీ కుదించుకున్న రోజులవి. అబద్ధమెందుకు, ఒకటి రెండుసార్లు ఈ పట్టింపు నాకెందుకని కూడా అనిపించింది.

అయితే ఇంకోటి జరిగింది. ఫైళ్లు తగ్గాయి గానీ మనుషులు పెరిగారు! క్యాంటీన్ ఆవిడ తనతో పనిచేసేవాళ్లని వెంటబెట్టుకుని ఆదివారం మా ఇంటికొచ్చింది. జాగా కొనకముందే కాగితాలు చూపిద్దామని. మరుసటి ఆదివారం ఇంకో నలుగురు. పొదుపు సంఘాల ఆడవాళ్లు, మాత్రల ప్యాకింగ్‌లో చేసే అమ్మాయిలు, ఒరిస్సా నుంచి వచ్చి బట్టీల్లో పనిచేసే కుటుంబాలు. మా వరండా చాలక వేపచెట్టు కింద చాపలు వేసేవాళ్లం. వచ్చేవాళ్లు ఊరికే రారు కదా... ఒకావిడ సర్వపిండి చేసి తెచ్చేది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు దట్టంగా వేసి, గిన్నె అడుగుకి అద్ది కాల్చి. మా తెనాలి నాలుకకి అదొక కొత్త రుచి. ఇప్పుడు మా పాప అమెరికా వెళ్లి కూడా అదే చేసుకుంటోందిట!

ఇదేదో నేను కనిపెట్టిన ఘనకార్యం కాదండోయ్. నాకంటే ఎంతో ముందు, ఎన్నో రెట్లు పెద్దగా చేసినవాళ్లున్నారు. అహ్మదాబాద్‌లో ఇళా భట్ కూడా లా చదివినావిడే. 1955లో మిల్లు కార్మికుల సంఘంలో న్యాయవిభాగంలో చేరింది. 1972లో 'సేవా' సంఘం పెట్టింది. బండ్ల మీద కూరలమ్మేవాళ్లకి, తట్టలు మోసేవాళ్లకి ఏ బ్యాంకూ అప్పివ్వకపోతే 1974లో నాలుగువేల మంది ఆడవాళ్లు తలా పదిరూపాయలు వేసుకుని సొంత బ్యాంకే పెట్టుకున్నారు. వాళ్లు తీసుకున్న అప్పుల్లో చాలా భాగం ఇంటికోసమే. కప్పు మార్చుకోవడానికి, గోడ కట్టుకోవడానికి. ఎందుకంటే బీడీలు చుట్టే ఆడదానికి, అప్పడాలు ఒత్తే ఆడదానికి ఇల్లే కార్ఖానా. వాన కురిస్తే సరుకూ పాడు, కూలీ పాడు. అందుకని 1994లో ఇళ్లకోసమే ప్రత్యేకంగా ఒక ట్రస్టు కూడా పెట్టారు. ఇళా భట్ 2022లో కన్నుమూసింది. ఆవిడ గురించి చదివిన రోజున నా వేపచెట్టు చాపలు నాకే కాస్త గౌరవంగా కనిపించాయి.

ఇక అప్పుల సంగతి. ప్రభుత్వ రంగంలో హడ్కో 1970లోనే వచ్చింది, ఇళ్ల రుణాల కోసమే ప్రైవేటు సంస్థ 1977లో మొదలైంది, వీటన్నిటికీ పైన నేషనల్ హౌసింగ్ బ్యాంకు 1988లో వచ్చింది. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జీతం చీటీ లేనివాళ్లకి ఇంటి అప్పు అన్నది మాత్రం మా పటాన్‌చెరు వైపు మామూలు మాట కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

2015లో కేంద్రం ప్రధానమంత్రి ఆవాస్ యోజన తెచ్చాక ఒక తమాషా చూశాను. తక్కువ ఆదాయం వాళ్లకి ఆరు లక్షల దాకా అప్పు మీద వడ్డీలో ఆరున్నర శాతం రాయితీ. మొత్తం రెండు లక్షల అరవై ఏడువేల దాకా కలిసొచ్చేది. అయితే కొత్తగా కొనే ఇంట్లో ఇల్లాలి పేరు ఉండాలి. ఒకాయన నా ముందు కూర్చుని మొహం గంటు పెట్టుకున్నాడు.

"పైసలు నాయి, కష్టం నాది. ఆమె పేరెందుకు మేడం?"

"వద్దంటే మానెయ్యండి. రెండు లక్షల అరవై ఏడువేలు వదులుకుంటే సరి."

ఆయన రెండు నిమిషాలు లెక్క వేసుకున్నాడు. "పోనీ ఆమె పేరే ముందు రాయుండ్రి" అన్నాడు! వెనక కూర్చున్న ఇల్లాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. నేను ఎన్ని ఏళ్లు ఉపన్యాసాలిచ్చినా రాని మార్పు ఆ ఒక్క నిబంధన తెచ్చింది. ఆ వడ్డీ రాయితీ ఈ వర్గాలకి 2022 మార్చితో ఆగిపోయింది. 2024లో పథకం రెండో విడత వచ్చింది, అందులో లక్షా ఎనభైవేల దాకా రాయితీని ఐదు వాయిదాల్లో ఇస్తారు. మన రాష్ట్రంలో సొంత జాగా ఉన్నవాళ్లకి ఇందిరమ్మ ఇల్లు కింద ఐదు లక్షలు, ఇల్లాలి పేరుమీదే. అర్హత ఉంటే అడగడానికి మొహమాటపడకండి.

పేరు ఉంటే చాలా? చాలదు. అప్పు కాగితం మీద కూడా మన సంతకం ఉంటుంది కదా. ఇంకొకామె కథ చెబుతాను. మా పక్క కాలనీయే. భర్త గుండెపోటుతో పోయాడు. నలభయ్యో పడిలో. అప్పుతోబాటు బీమా తీసుకోమంటే 'అదో ఖర్చు' అని వద్దన్నారుట. మూడు నెలలు వాయిదాలు ఆగేసరికి అప్పు మొండిబాకీ కింద పడింది. నోటీసు వచ్చింది, అరవై రోజుల్లో మొత్తం బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని. సర్ఫేసీ చట్టం అంటారు, 2002 నాటిది. ఆమె ఆ కవరుని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంటూ కూర్చుంది, నలభై రోజులు!

అమ్మా, దేవుడికి దండం పెట్టండి, కవరు మాత్రం విప్పండి. ఆ అరవై రోజులు మనవి. ఆలోగా మన అభ్యంతరం రాసి పంపితే సంస్థ పదిహేను రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. మేం మిగిలిన ఇరవై రోజుల్లో రాశాం. అప్పు గడువు పెంచమని, వాయిదా తగ్గించమని. పరుగులు పెట్టాం, ఒప్పుకున్నారు. ఆమె కర్రీ పాయింటు పెట్టుకుంది. పోయినేడు బాకీ మొత్తం తీరింది. బాకీ తీరాక అసలు దస్తావేజులు ముప్ఫై రోజుల్లో తిరిగివ్వాలని, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి ఐదువేలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది, ఆ డిసెంబరు నుంచి అమలు. ఆమె వెళ్లి ఆ మాట అనగానే వారంలో ఇచ్చేశారుట!

2024 సెప్టెంబరులో మా మండలంలోనే కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో ప్రభుత్వ భూమిలో కట్టారని హైడ్రా ఇళ్లు కూల్చింది. ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంది. 'అక్కా, మాదీ చూడవా' అని. రిజిస్ట్రేషన్ అయింది గనక భయం లేదనుకునేవాళ్లే ఎక్కువ. రిజిస్టరు కావడం వేరు, హక్కు ఉండటం వేరు. అమ్మినవాడికే లేని హక్కు రిజిస్ట్రారు ముద్ర వేస్తే మీకు రాదు. నోటరీ కాగితమైతే ఇక చెప్పేదేముంది! జి.పి.ఏ. పెట్టి చేసే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. ఇ.సి. తీస్తే అన్నీ తెలుస్తాయనుకోకండి. రిజిస్టరైనవే అందులో కనిపిస్తాయి. కొనేముందు ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, చెరువు హద్దులో పడుతుందేమో చూడండి. పాత పహాణీ తీయించండి. లేఅవుట్‌కి అనుమతి ఉందా, ఎల్.ఆర్.ఎస్. కట్టారా అడగండి. బయానా ఇచ్చేముందు ఇదంతా చేయండి, ఇచ్చాక కాదు. చీర కొనేటప్పుడు కొంగు, అంచు, నేత తిరగేసి చూసే మనం, జీవితమంతా కట్టే వాయిదాలకి ఒక పూట తిరగలేమా?

క్యాంటీన్ అక్క ఏమైందో చెప్పలేదు కదూ. నేనంటే ఆమెకి కోపం పోయిందో లేదో నాకిప్పటికీ తెలీదు. ప్రతి దసరాకీ వస్తుంది, ఆ నకలు సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆ రెండు గదుల్లోనే ఉండిపోయింది, ఎప్పుడు ఎవరొచ్చి లేవమంటారో అన్న భయంతో పదహారేళ్లు. 2014 డిసెంబరులో ప్రభుత్వం జి.ఓ. 58 తెచ్చింది. అభ్యంతరం లేని సర్కారు భూమిలో ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకి 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తామని. ఆ రాత్రే వెళ్లి ఆమె తలుపు కొట్టాను. కరెంటు బిల్లులు, ఓటరు కార్డు, రేషన్ కార్డు, అన్నీ కావాలి. "అన్నీ ఉన్నయి" అని బియ్యం డబ్బాలోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తీసింది. మొదటి కరెంటు బిల్లు నుంచి ఒక్కటీ పోలేదు! కోర్టు వరండాలో నేను చెప్పానట, ప్రతి కాగితం దాచుకొమ్మని. నాకు గుర్తేలేదు.

దరఖాస్తు నేనే నింపాను. నెలలు గడిచాయి. ఒక రోజు పొద్దున్నే, నేను ఇంకా పాలు కాస్తున్నాను, పట్టా పట్టుకుని వచ్చింది. జుట్టు సగం నెరిసింది. చేతిలో స్టీలు డబ్బా, దాన్లో వేడివేడి ఇడ్లీలు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"చదువు" అంది.

చదివాను. సర్వే నంబరు, అరవై గజాలు, నాలుగు వైపులా హద్దులు.

"నా పేరు యాడుంది?"

చూపించాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుకుంది. తర్వాత కాగితం మడిచి రవికలో పెట్టుకుని, "పాలు పొంగుతున్నయి, సూసుకో" అని వెళ్లిపోయింది.